అలుగు అలిగిన ఎన్నిక

ఆఫ్రికా ఖండానికి పడమటి కొసన, ఎడారి గాలి ఎర్రదుమ్ము మోసుకొచ్చే చోట, కోరుబా అనే అడవి ఉండేది. ఆ అడవిలో గిన్నెకోళ్లు, ఉడతలు, కుందేళ్లు, పిల్లి కంటే లావుగా ఉండే గడ్డి ఎలుకలు కాపురముండేవి. అడవి మధ్యగా పారే నదిలో నీటిగుర్రాలు, నది ఒడ్డున అడవి గేదెలు ఉండేవి.

వానలు పడినన్నాళ్లూ ఎవరికీ ఎవరితోనూ పేచీ లేదు. ఎండలు ముదిరితే మాత్రం నది ఎండిపోయి ఒక్క మడుగు మిగిలేది. ఆ మడుగు మధ్యలో డెంబా అనే నీటిగుర్రం పడుకుని ఉండేవాడు. అతనే ఒడ్డుపెద్ద. ఎవరు ఎప్పుడు నీళ్లు తాగాలో చెప్పే అధికారం ఒడ్డుపెద్దదే.

"ముందు మా వాళ్లు. తర్వాత గేదెలు. ఏమైనా మిగిలితే మీరు" అనేవాడు డెంబా.

మిగిలేది బురద. కిందటి ఎండాకాలం ఆ బురద కూడా అందక కొన్ని గిన్నెకోడి పిల్లలు సొమ్మసిల్లి పడిపోయాయి. మళ్లీ లేవలేదు.

ఏటా వానలు తగ్గగానే ఒడ్డుపెద్ద కోసం ఎన్నిక జరిగేది. పద్ధతి తేలిక. పోటీ చేసేవారి వెనక వారి పక్షంవారు ఇసుకలో వరుసగా నిలబడాలి. ముసలి కొంగ తీర్పరి. కొంగ రెక్క ఎత్తిన క్షణాన ఎవరి వరుస పొడుగ్గా ఉంటే వారే పెద్ద. నీటిగుర్రాల ఒళ్లు ఎలాగూ పొడుగే. దానికి తోడు చిన్న జంతువులు జాతికొక పార్టీ పెట్టుకుని, ఎవరి వరుసలో వారు నిలబడేవి. డెంబా ఆవులిస్తూ గెలిచేవాడు.

ఆ పార్టీలన్నిటిలోకీ చిన్నది అలుగుల పార్టీ. అడవి మొత్తానికీ ఉన్న అలుగు ఒక్కడే. పేరు ఫోడే. ఒళ్లంతా పెంకుల్లాంటి పొలుసులు, పొడుగాటి తోక, దానికి దీటుగా పొడుగాటి నాలుక. పార్టీ అధ్యక్షుడు అతనే, కార్యదర్శి అతనే, కార్యకర్తా అతనే. పొద్దున్నే సమావేశం పెట్టుకుని, తీర్మానం చేసుకుని, తనే చప్పట్లు కొట్టుకునేవాడు.

ఆ ఏడు సిరా అనే ముసలి గడ్డి ఎలుక చిన్న పార్టీలన్నిటినీ ఒక చెదపుట్ట దగ్గరికి పిలిచింది.

"విడివిడిగా నిలబడి ఇన్నేళ్లూ బురద తాగాం. ఈసారి అందరం ఒకరి వెనకే నిలబడదాం" అంది.

అందరూ ఆహా అన్నారు. ఫోడే కూడా అన్నాడు. చెదపుట్టలోంచి నాలుక తీసి మరీ అన్నాడు.

"మరి ఎవరి వెనక?" అంది ఒక ఉడత.

ఆహాలు ఆగిపోయాయి.

ఫోడే గొంతు సవరించుకున్నాడు. "నా వెనకే. చరిత్ర చూడండి. ప్రతి పార్టీ ఎప్పుడో ఒకప్పుడు చీలింది. మా పార్టీలో ఇంతవరకూ చీలిక రాలేదు."

"నువ్వున్నదే ఒక్కడివి. ఎలా చీలతావు?" అంది గిన్నెకోడి జెనెబా. ఆమె మామూలుగా మాట్లాడినా నది అవతలికి వినిపిస్తుంది. అందరూ పగలబడి నవ్వారు.

ఫోడేకి చెవులదాకా మండింది.

సిరా నవ్వులు ఆపించింది. "ఈ ఏడు జెనెబా నిలబడుతుంది. ఆమె పిలుపు అందరికీ వినిపిస్తుంది కాబట్టి. వచ్చే ఏడు ఇంకొకరు. ఫోడే నాయనా, నీ వంతు కూడా వస్తుంది."

"వంతా? నాకా?" అన్నాడు ఫోడే. అని ముక్కు పొట్టలోకి దూర్చి, తోక పైకి కప్పుకుని, గట్టిగా చుట్టుకుపోయాడు. అలిగినా, భయపడినా అతను చేసే పని అదే.

"బాబ్బాబూ, విప్పుకో" అని కుందేళ్లు బతిమాలాయి.

"పార్టీ ఆలోచిస్తోంది" అని ఉండలోంచి జవాబు వచ్చింది. కాసేపటికి ఉండ విచ్చుకుంది. "పార్టీ ఆలోచించింది. మద్దతు ఉపసంహరించుకుంటున్నాం." ఫోడే తలెత్తుకుని వెళ్లిపోయాడు. ఎవరైనా వెనక్కి పిలుస్తారేమోనని కొంత దూరం మెల్లగానే నడిచాడు.

ఈ సంగతి డెంబా చెవిన పడింది. ఫోడేని మడుగు దగ్గరికి పిలిపించాడు.

"రావయ్యా అధ్యక్షా! నీలాంటి వాడికి వాళ్లు విలువ ఇవ్వకపోవడమేమిటి? నేను గెలిస్తే నువ్వు ఉపపెద్దవి. నిన్ను నా వీపు మీద కూర్చోబెట్టుకుని ఒడ్డంతా తిప్పుతాను."

అధ్యక్షా అన్న పిలుపు వినగానే ఫోడే పొలుసులన్నీ జలదరించాయి. తనని ఆ మాటతో వేరొకరు పిలవడం అదే మొదలు. "దొరా, మరి చిన్నవాళ్లకి నీళ్లు?" అని మాత్రం అడిగాడు.

"చూద్దాం, చూద్దాం. నువ్వు ముందు ఆ ఉడతల్ని విడగొట్టుకురా."

ఫోడే ఉడతల చెట్టు కిందికి వెళ్లాడు. "జెనెబా గెలిస్తే నీళ్లన్నీ పక్షులకే. తోకలున్నవాళ్లం మనం ఏమైపోవాలి?" అన్నాడు. ఉడతలు ఒకదాని ముఖం ఒకటి చూసుకున్నాయి.

ఎన్నిక రోజు వచ్చింది. డెంబా ముందు నిలబడ్డాడు. వెనక గేదెలు, వాటి వెనక నీటిగుర్రాలు. ఫోడే హుందాగా వెళ్లి డెంబా వీపు ఎక్కబోయాడు.

"ఇప్పుడు కాదు. వరుస చివరికి వెళ్లు" అన్నాడు డెంబా, అటు చూడకుండానే.

చివర నిలబడినవాడు డెంబా బావమరిది. భారీ శరీరం, పొట్టి తోక. ఫోడే ఆ తోక వెనక నిలబడి, తన తోకను ఇసుకలో తీరుగా చాపుకున్నాడు.

అవతల జెనెబా వెనక గిన్నెకోళ్లు, కుందేళ్లు, గడ్డి ఎలుకలు బారులు తీరాయి. ఉడతలు మాత్రం రెండు వరుసల మధ్యలో ఆగిపోయాయి.

సిరా వాటి దగ్గరికి వెళ్లింది. "మీ అనుమానం నన్ను కాదు, జెనెబానే అడగండి."

"నీళ్లన్నీ పక్షులకేనట కదా?" అంది పెద్ద ఉడత.

ఆ ఒక్కసారి జెనెబా గొంతు తగ్గించి మాట్లాడింది. "కిందటేడు పోయింది నా పిల్లలు. ఇంకొకరి పిల్లల నోరు ఎండుతుంటే నేనెలా చూస్తాను?"

ఉడతలు వెళ్లి ఆమె వరుసలో నిలబడ్డాయి. అది చూసి ఫోడే తల దించుకున్నాడు.

కొంగ రెండు వరుసల మధ్య నడుచుకుంటూ వచ్చి, చివర ఆగి, మెడ వంచి చూసింది. "డెంబా వరుస ఒక తోకంత పొడుగుంది" అంది.

"ఆ తోక నాదే!" అని ఫోడే అరిచాడు. తల దించుకున్న సంగతి మరిచిపోయాడు.

కొంగ రెక్క ఎత్తబోయింది. గెలిచామన్న ఆనందంలో డెంబా బావమరిది, నీటిగుర్రాలు ఆనందం వచ్చినప్పుడు చేసే పనే చేశాడు. పేడ వేస్తూ, తోకను గిర్రున తిప్పాడు. పేడంతా జల్లులా వెనక్కి చిమ్మింది. వెనక ఉన్నది ఉపపెద్ద.

ఫోడే చటుక్కున ఉండ చుట్టుకుపోయాడు.

"ఒరేయ్, చాపరా! తోక చాపు!" అని డెంబా ముందునుంచి గర్జించాడు.

"ముందు ఆయన్ని ఆపమనండి!" అని ఉండ మొత్తుకుంది.

కొంగ రెక్క పైకి లేచింది. ఆ క్షణాన జెనెబా వరుసే పొడుగ్గా ఉంది.

ఆ ఏడు ఎండలు నిప్పులు కురిశాయి. మడుగు చిన్నదైంది కానీ పొద్దున పిట్టలు, తర్వాత ఉడతలు, కుందేళ్లు, గడ్డి ఎలుకలు, చల్లబడ్డాక గేదెలు వంతుల ప్రకారం తేట నీళ్లే తాగారు. నీటిగుర్రాలు కూడా మడుగులో ఒక పక్కకి సర్దుకున్నాయి.

ఫోడే మాత్రం రాలేదు. డెంబా కనపడితే తరుముతున్నాడు. తనవాళ్లకి ముఖం చూపించలేడు. ఆకుల మీది మంచు నాకుతూ కొన్నాళ్లు గడిపాడు. మంచు కూడా ఆగిపోయాక, నాలుక అంగిట్లో అతుక్కుపోయి, తూలుతూ మడుగుకి వచ్చాడు. ఒడ్డున సిరా కూర్చుని ఉంది.

"అవ్వా, మా పార్టీని మీలో కలిపేస్తున్నాను" అన్నాడు బొంగురు గొంతుతో.

"కార్యకర్తలు ఒప్పుకున్నారా?"

"ఏకగ్రీవంగా."

సిరా నవ్వలేదు. "కుందేళ్ల తర్వాత నిలబడు" అని పక్కకి జరిగింది.

ఫోడే వెళ్లి కుందేళ్ల వరుసలో ఆఖరున నిలబడ్డాడు. తన వంతు వచ్చాక కడుపారా నీళ్లు తాగాడు.

నీతి: పదవి కోసం తనవాళ్లను విడిచి వెళ్లినవాడికి చివరికి పదవీ దక్కదు, గౌరవమూ దక్కదు. చిన్నవాళ్లు పంతాలు మాని కలిసి నిలిస్తే, ఎంత పెద్దవాడైనా వారికి చోటివ్వక తప్పదు.