మల్లేటి నీటికుక్కలు

అనగా అనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. కోట పక్కనే మల్లేరు పారేది. ఆ ఏటి నిండా నీటికుక్కలు. అవి జబ్బు చేపలను ఏరుకుని తినేవి, మంచి చేపలు జనానికి మిగిలేవి.

ఒక ఏడాది నీటికుక్కలు వరసగా చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. వెనకే చేపలకు తెగులు పట్టింది. జాలరిపేటలో పొయ్యిలు వెలగలేదు.

"ఈ చావులు ఆపినవాడికే పట్టం" అన్నాడు రాజు.

పెద్దవాడు మొసళ్ళను వేటాడాడు. నడిపివాడు హోమాలు చేయించాడు. చావులు ఆగలేదు. చిన్నవాడు కువలయుడు ఒడ్డున కూర్చుని చచ్చినవాటిని ఒక్కొక్కటే తిప్పి చూశాడు. ఒకదాని మెడ మీద వలతాడు ఒరుసుకున్న గుర్తు. ఒకదాని నడుము నలిగిపోయింది. ఇంకొకదానికి గాయమే లేదు, నోరు మాత్రం నీలంగా ఉంది.

ఒక ముసలి నీటికుక్క దగ్గరికి వచ్చింది. "చావుకు దారులు మూడు నాయనా. వలలో చిక్కితే పైకి రాలేక ఊపిరాడక పోతాం. ఏటికట్ట మీది బాట దాటబోతే మీ రథాలు తొక్కేస్తాయి. ఇక ఏరు పుట్టేచోట ఒక మాంత్రికుడు కోట కోసం పట్టుబట్టలకు రంగులు అద్దుతూ, ఆ రంగునీళ్ళు ఏట్లో పారబోస్తాడు. అది విషం."

కువలయుడు ముందు జాలరిపేటకు వెళ్ళాడు. అక్కడ చెంగలి అనే పిల్ల వల అల్లుతోంది.

"నీటికుక్కకు దారి వదిలే వల అల్లగలవా?"

"చేపలు పోకుండానా?" ఆమె వల పై అంచును వేళ్ళతో విడదీసి చూసింది. "పై అంచున కన్నం వదులుతాను. గాలి కోసం పైకొచ్చేది నీటికుక్కే, చేప రాదుగా."

తరవాత అతను కట్ట కింద తూములు తవ్వించాడు. నీటికుక్కలు వాటిలోంచి దాటసాగాయి.

ఆపైన ఏడు వాగులు దాటి కొండకు చేరాడు. మాంత్రికుడి ప్రాణం ఒక చిలుకలో ఉందని వెంట వచ్చిన ముసలి నీటికుక్కే చెప్పింది. జలపాతం వెనక గుహలోకి అదే దారి చూపింది. కువలయుడు చిలుక పంజరం పట్టుకుని బయటికి వచ్చేసరికి మాంత్రికుడు రొప్పుతూ ఎదురొచ్చాడు.

"దాని మెడ విరుస్తావా?"

"లేదు. మా ఊళ్ళో పెంచుతాను. ఇవాళ్టి నుంచి మల్లేటి నీళ్ళే తాగుతుంది."

మాంత్రికుడు ఆ సాయంత్రమే రంగుబానలను ఏటికి దూరంగా మోయించుకున్నాడు.

మరుసటి ఏడాదికి ఒడ్డున నీటికుక్క పిల్లలు కనిపించాయి. పేటలో పొయ్యిలు వెలిగాయి. కువలయుడు చెంగలిని పెళ్ళాడి, తల నెరిసేదాకా చల్లగా రాజ్యమేలాడు. ఏలినన్నాళ్ళూ పొద్దున్నే మాంత్రికుడు వచ్చేవాడు. ముందు తను దోసెడు ఏటి నీళ్ళు తాగి చూసి, అప్పుడు చిలుక గిన్నె నింపేవాడు.