గిజిగాడు ఏనుగుకు రాసిన ఉత్తరాలు

అనగనగా వాగు ఒడ్డున ఒక తుమ్మ చెట్టు, పిల్లలూ. దాని మీద నారయ్య అనే గిజిగాడు ఉండేవాడు. గూళ్ళు అల్లడంలో ఆ అడవిలో అతని తర్వాతే ఎవరైనా. గోరువంకలు కూడా అతని దగ్గరే గూళ్ళు చేయించుకునేవి.

ఒకరోజు కుంభయ్య అనే ఏనుగు వచ్చాడు.

"నారయ్యా, మనిద్దరం కలిసి వ్యాపారం చేద్దాం. గూళ్ళు నువ్వు అల్లు. అవి గట్టివో కావో నేను కూర్చుని చూస్తాను," అన్నాడు.

మచ్చుకు ఒక గూడు తెంపి, కింద పెట్టి, దాని మీద కూర్చున్నాడు. లేచి చూస్తే గూడు అప్పడంలా అయింది.

"చూశావా, ఇది గట్టిది కాదు. నేను రాకపోతే ఈ సంగతి నీకు తెలిసేదే కాదు. ఆలోచించుకుని ఉత్తరం రాయి," అని వెళ్ళిపోయాడు.

నారయ్యకు ఈ వ్యాపారం ఇష్టం లేదు. కానీ అంత పెద్దాయనను కాదనడం ఎలా? టేకాకు మీద ముక్కుతో గీసి ఉత్తరం రాశాడు. కాకి దాన్ని తీసుకెళ్ళి ఏనుగుకు చదివి వినిపించింది.

"మహారాజశ్రీ కుంభయ్యగారికి నమస్కారాలు. తమవంటి పెద్దలు నన్ను అడగడమే నా అదృష్టం. తమ ముందు నేనెంత? తమ దయ ఎప్పుడూ ఉండాలి."

"ఎంత చక్కగా ఒప్పుకున్నాడు," అని కుంభయ్య మురిసిపోయాడు. తెల్లారేసరికి వచ్చి, గోరువంకల కోసం అల్లిన గూడు తెంపి దాని మీద కూర్చున్నాడు.

నారయ్య రెండో ఉత్తరం రాశాడు. "ఇక్కడ చోటు ఇరుకు. లేకపోతే తమతో కలిసి పనిచేయడానికి నాకేం అభ్యంతరం?"

"పాపం, చోటు లేక ఇబ్బంది పడుతున్నాడు," అనుకున్నాడు కుంభయ్య. వచ్చి పక్కనున్న రేగు చెట్టును వేళ్ళతో సహా పీకేశాడు. తుమ్మ చెట్టంతా ఊగింది. గూట్లో నారయ్య భార్య పీచమ్మ మూడు గుడ్లు పొదుగుతోంది. ఒక గుడ్డు దొర్లి అంచుదాకా పోయింది. పీచమ్మ రెక్క అడ్డం పెట్టి ఆపింది.

"ఆయనకు ఏం రాశావయ్యా?" అంది.

"వద్దనే రాశాను."

"ఆ మాట ఎక్కడ రాశావు?"

నారయ్య గుర్తు చేసుకున్నాడు. ఎక్కడా రాయలేదు.

వెంటనే మూడో ఉత్తరం రాశాడు.

"కుంభయ్యగారికి నమస్కారాలు. నన్ను అడిగినందుకు సంతోషం. కానీ ఈ వ్యాపారం నాకు వద్దు. మీరు కూర్చుంటే నా గూళ్ళు నిలవవు. ముందే చెప్పనందుకు క్షమించండి. మీకు మంచి పని దొరకాలని కోరుకుంటున్నాను."

కుంభయ్య చెవులు ఊపడం ఆపేశాడు.

"వద్దు అని ఉందా?" అని కాకిని అడిగాడు.

"ఉంది."

"మొదటి రెండిట్లో ఉందా?"

"లేదు."

"అనవసరంగా చెట్టు పీకానే," అని తల వంచుకుని వాగులోకి దిగిపోయాడు.

వారం తర్వాత మళ్ళీ వచ్చాడు. నారయ్య బిక్కచచ్చిపోయాడు.

"భయపడకు. ముళ్ళపంది నాతో కలిసి పరుపుల వ్యాపారం చేస్తానంటున్నాడు. పరుపుల్లో తన ముళ్ళే కూరతాడట. నేను కూర్చుని చూడాలట. నాకు కాదనడం చేతకావడం లేదు. నాకు రాశావే, అలాంటి ఉత్తరం ఒకటి రాసిపెట్టు," అన్నాడు కుంభయ్య.

నారయ్య టేకాకు తెచ్చుకున్నాడు.

"వద్దు అని మొదటి వరుసలోనే రాయమంటారా?"

"రాయి. ముందు నమస్కారం పెట్టు. అక్షరాలు మాత్రం కాస్త పెద్దవిగా రాయి."

నీతి: కాదనేటప్పుడు మర్యాదగా చెప్పాలి. అయితే కాదన్న సంగతి అవతలివారికి తెలిసేలా చెప్పాలి.