లక్ష్మి కోసం తీసిన తలుపు, రెక్కలయ్యకు దొరికిన విడిది

ముందు ఆ మంచం మీంచి దిగండి. చీపురు కింద పెట్టండి. అది పోయింది. స్నానాలగది తూములోకి దూరడం నా కళ్ళతో చూశాను. ఒక్క బొద్దింక రెక్క విప్పితే ఇంటిల్లిపాదీ ఇంత గోలా? మీ నాన్న కుర్చీ ఎక్కాడు. నేను చూడలేదనుకుంటున్నాడు, పాపం. అది మన ఇంటికే ఎందుకొచ్చింది, మన మొహం మీదికే ఎందుకెగిరింది అని అడిగారు కదా? కూర్చోండి, చెప్తాను.

అనగనగా ఒక అడవి. అందులో పులి ఉండేది, జింక ఉండేది, నక్క ఉండేది. ఒకరోజు మనుషులొచ్చి చెట్లన్నీ కొట్టేసి కాలనీ కట్టారు. పులి పారిపోయింది. జింక ఆచూకీ లేకుండా పోయింది. నక్క ఎక్కడ చేరిందో చెప్తే మీ తాతయ్య నన్ను తిడతాడు, ఆయనది ఆ పార్టీయే. బొద్దింకలు మాత్రం ఎక్కడికీ పోలేదు. "ఇళ్ళు కట్టుకుంటున్నారా? కట్టుకోండి. మాకూ ఓ మూల ఉండకపోదులే" అనుకుని కాలనీ మురిక్కాలవలో సర్దుకున్నాయి.

ఆ కాలవలో రెక్కలయ్య అనే బొద్దింక ఉండేవాడు. ఎర్రగా, నున్నగా, నూనె రాసుకున్న పెళ్ళికొడుకులా ఉండేవాడు. తన రెక్కలంటే వాడికి మహా గర్వం. పొద్దస్తమానం మీసాలు తిప్పుకుంటూ, రెక్కలు చూసుకుంటూ కూర్చునేవాడు. వాడి పెళ్ళాం పేరు బుడ్డమ్మ. ఆమెకు గర్వపడే తీరిక లేదు. ఆమె తోకకు ఒక గుడ్ల డిప్ప అంటుకుని ఉంది. చింతగింజకన్నా చిన్న డిప్ప. పుట్టబోయే పిల్లలందరూ అందులోనే ఉన్నారు.

అవి ఎండాకాలం చివరి రోజులు. కాలవ ఎండిపోయింది. గాలి లేదు, ఒకటే ఉక్క. పడమట మబ్బులు పట్టాయి.

"ఏమయ్యా, వాన వచ్చేలా ఉంది" అంది బుడ్డమ్మ. "మొదటి వానకే ఈ కాలవ పొంగుతుంది. నిరుడు మా అక్క డిప్ప ఇలాగే కొట్టుకుపోయింది. ఒక్క పిల్ల కూడా మిగల్లేదు. ఏదైనా ఇల్లు చూడు. తాగడానికి చుక్క, తినడానికి ముక్క, దూరడానికి సందు. నాకింకేం అక్కర్లేదు."

"ఇల్లేనా? ఇదిగో, ఇప్పుడే ఎగిరివెళ్ళి చూసొస్తా" అన్నాడు రెక్కలయ్య.

పక్కనే ఒంటిమీసం తాత ఉన్నాడు. ఆయన రెండో మీసం పూర్వం ఎవరి చెప్పు కిందో పోయింది. ఆయన నెత్తి కొట్టుకున్నాడు.

"ఒరే, ఎగరకు. గోడవారగా నడిచివెళ్ళు. మన రెక్కలు ఎగరడానికి ఇచ్చినవి కావురా, పడేటప్పుడు మెల్లగా పడడానికి ఇచ్చినవి. ఉక్కపోస్తే ఒళ్ళు వేడెక్కి ఎగరాలనిపిస్తుంది. ఎగరడం వస్తుంది కానీ తిరగడం రాదు. ఎదురుగా మొహం ఉంటే ఆ మొహమ్మీదే దిగుతాం. మనం దారి తప్పి వచ్చామని మనుషులకు తెలీదు, మీద పడి కరవడానికి వచ్చామనుకుంటారు. అప్పుడు వాళ్ళు చెప్పుతోనే మాట్లాడతారు."

విన్నారా? అదీ మీ ప్రశ్నకు జవాబు. దానికి మీ మొహం మీద ప్రేమా లేదు, పగా లేదు. బ్రేకుల్లేని సైకిలెక్కి వచ్చింది, అంతే.

రెక్కలయ్య మొదట పంకజంగారి ఇంటికి వెళ్ళాడు. తలుపు కింద రబ్బరు పట్టీ. తూముకు జాలీ. కిటికీ అద్దంలోంచి చూస్తే సింకు తుడిచి ఆరబెట్టి ఉంది. నేల మీద మెతుకు లేదు. "ఛీ! ఇదేం ఇల్లు? వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఇచ్చే దిక్కు లేదు" అని తిట్టుకుంటూ వెనక్కి తిరిగాడు.

తర్వాత తాళం వేసిన కొత్త ఇంటికి వెళ్ళాడు. అక్కడ సందులు బోలెడు. కానీ చుక్కా లేదు, ముక్కా లేదు. సున్నం నాకి ఎన్నాళ్ళు బతుకుతాం?

మూడోది పంకజంగారి పక్కనే ఉన్న భ్రమరాంబగారి ఇల్లు. అప్పుడే పొద్దు గుంకుతోంది. భ్రమరాంబగారు దేవుడి దగ్గర దీపం పెట్టి, గడపకు పసుపు రాసి, పెరటి తలుపు మూసి, వీధి తలుపులు రెండూ బార్లా తీసింది. సంధ్యవేళ లక్ష్మీదేవి వీధిలోంచి వస్తుందని, పెరటి తలుపు తెరిచి ఉంటే అటునుంచి వెళ్ళిపోతుందని ఆమె నమ్మకం. గుమ్మంలో లైటు వెలుగుతోంది. రెక్కలయ్య మీసాలు ఊగిపోయాయి.

"దీపాలు పెట్టి, తలుపులు తీసి, ఎదురుచూస్తున్నారే! ఎవరికోసం? నాకోసమే!"

లోపలికి వెళ్ళి చూస్తే పెళ్ళివారి విడిదిలా ఉంది. సింకు నిండా ఎంగిలి గిన్నెలు. పొద్దున్న పనిమనిషి వచ్చేదాకా నానతాయని నీళ్ళు పోసి వదిలేశారు. కుళాయి బొట్టుబొట్టుగా కారుతోంది. నేల మీద జంతికల ముక్కలు, మరమరాలు. భ్రమరాంబగారి భర్త సదాశివంగారు పేపరు చదువుతూ రాల్చినవి. వాటిని ఎవరూ ఊడవరు. దీపాలు పెట్టాక ఊడిస్తే లక్ష్మి వెళ్ళిపోతుందట. వసారాలో ఒక ఫ్రిజ్జు అట్టపెట్టె. ఆ ఫ్రిజ్జు ఎప్పుడో పాడైపోయి పాత సామాన్లవాడి బండి ఎక్కింది. పెట్టెను మాత్రం పారెయ్యలేదు. ఎప్పుడైనా పనికొస్తుందని ఉంచారు. అట్ట మడతల్లో చీకటి, వెచ్చదనం, కమ్మటి గమ్ము వాసన. బొద్దింకలకు గమ్మంటే మనకు మామిడి తాండ్ర లెక్క.

ఆ రోజే బుడ్డమ్మను తీసుకొచ్చాడు. ఆమె పెట్టె అడుగు మడతలో డిప్పను అతికించి, హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంది.

"ఇదిగో చూడు, ఇల్లు వాళ్ళది, సందు మనది. పిల్లలు బయటికొచ్చేదాకా నోరూ రెక్కా కట్టేసుకుని పడుండు. వాళ్ళ కంటపడ్డావో, పిల్లలు దక్కరు" అంది.

రెక్కలయ్య సరేనన్నాడు. కానీ వాడి కడుపు నిండినకొద్దీ బుర్ర ఖాళీ అయింది. "రోజూ దీపం పెట్టి తలుపు తీసేవాళ్ళకు ఒక్కసారైనా మొహం చూపించకపోతే ఏం మర్యాద?" అనుకున్నాడు.

ఒక సాయంత్రం రెక్కలు విప్పి, హాలు ఈ చివరినుంచి ఆ చివరిదాకా దూసుకెళ్ళి, గోడమీద క్యాలెండరుకు గుద్దుకుని పడ్డాడు. భ్రమరాంబగారు కెవ్వుమంది. సింకులో కలరా ఉండలు వేసింది. "చూశావా బుడ్డమ్మా, నాకోసం తెల్లటి లడ్డూలు చేశారు" అన్నాడు రెక్కలయ్య. అదృష్టం, తినలేదు.

ఇంకో సాయంత్రం ఎగిరి సదాశివంగారి బట్టతల మీద దిగాడు. ఆయన పేపరుతో సహా కుర్చీ ఎక్కి, "భయమేం లేదు, భయమేం లేదు" అని వణికారు. భ్రమరాంబగారు మందు సుద్దతో గడపలన్నిటికీ గీతలు గీసింది. "నేనొస్తానని ముగ్గులు కూడా వేశారు" అన్నాడు వీడు, పైనుంచి ఎగురుతూ. బుడ్డమ్మకు ఏడుపొచ్చింది.

మూడోసారి శుక్రవారం. భ్రమరాంబగారు హారతి ఇస్తోంది. పంకజంగారు తాంబూలానికి వచ్చి కూర్చుంది. రెక్కలయ్యకు పూనకం వచ్చింది. సర్రున లేచాడు. మలుపు తిరగబోయాడు. తిరగలేదు. సూటిగా వెళ్ళి భ్రమరాంబగారి బొట్టు మీద దిగాడు!

హారతి పళ్ళెం ఒక మూల, ఆమె ఒక మూల. సదాశివంగారు అప్పటికే కుర్చీ మీద ఉన్నారు. భ్రమరాంబగారు కోపంతో తీర్థం గ్లాసు లాక్కుని రెక్కలయ్య మీద బోర్లించింది. గాజు గ్లాసు. దొరికిపోయాడు.

పంకజంగారు పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఏమనుకోకండి వదినగారూ, మా ఇంట్లో ఇలాంటివి మచ్చుకి ఒక్కటి కనపడదు. అంతా మన అలవాట్లను బట్టి ఉంటుంది" అంది. తాంబూలం పుచ్చుకుని చల్లగా వెళ్ళిపోయింది. భ్రమరాంబగారికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చెప్పు తీసుకొచ్చి గ్లాసు ముందు కూర్చుంది.

"చచ్చేముందు చెప్పు. ఎందుకొచ్చావురా మా ఇంటికి?"

"అదేంటి అమ్మగారూ, మీరేగా పిలిచారు!" అన్నాడు గ్లాసులోంచి రెక్కలయ్య.

"నేనా? నిన్నా?"

"దీపం పెట్టారు, తలుపు తీశారు. తాగడానికి కుళాయి వదిలారు. తినడానికి ఎంగిలి గిన్నెలు సింకులో ఉంచారు. నేనొచ్చే వేళకి ఎవరూ చీపురు ముట్టకూడదని కట్టడి కూడా పెట్టారు. పక్కింట్లో ఇంత మర్యాద ఎక్కడ? ఇక పడుకోడానికైతే ఫ్రిజ్జు పెట్టె..."

వాడు నాలుక కరుచుకున్నాడు. కానీ మాట దాటిపోయింది. సరిగ్గా అప్పుడే గోడమీద బల్లి "కచ్ కచ్" మంది. బల్లికి ఆకలేసి అరిచింది. భ్రమరాంబగారు మాత్రం అలవాటు చొప్పున వేలితో నేల తట్టి, "సత్యం, సత్యం" అంది. అని, ఉలిక్కిపడింది. బల్లి పలికాక ఇంక అబద్ధమెలా అవుతుంది?

ఆమె ఒకసారి సింకు వైపు చూసింది. నేల వైపు చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇన్నేళ్ళుగా ఆ తల్లి కోసం తలుపు తీసి నిలబడ్డానండీ. ఆవిడ రోజూ గుమ్మందాకా వచ్చి, ఈ కంపు చూసి ముక్కు మూసుకుని వెళ్ళిపోయి ఉంటుంది. ఈ విందు చూసి లోపలికి వచ్చేది వీడొక్కడే."

చెప్పు కింద పెట్టి చీపురు తీసింది. సదాశివంగారు కుర్చీ మీంచే, "దీపాలు పెట్టాక చీపురా?" అన్నారు.

"లక్ష్మికి చీపురంటే భయం లేదు, మీకే ఉంది. దిగి ఆ అంట్లు తోమండి" అంది భ్రమరాంబగారు.

గ్లాసు కింద అట్టముక్క దూర్చి, రెక్కలయ్యను గోడ అవతల విదిలించింది. "నిజం చెప్పావు కాబట్టి బతికిపోయావు. మళ్ళీ రాకు" అంది. తర్వాత ఫ్రిజ్జు పెట్టెను ఈడ్చుకెళ్ళి గేటు బయట పడేసింది.

అప్పుడే మొదటి చినుకు పడింది. అట్ట మీద టప్పున మోగింది.

రెక్కలయ్య గోడమీంచి చూశాడు. చూస్తుండగానే వాన దంచింది, కాలవలో నీళ్ళు లేస్తున్నాయి. పెట్టె తడుస్తోంది. "బుడ్డమ్మా! దిగు! పరుగెత్తు!" అని అరిచాడు.

"డిప్ప అతికించేశానయ్యా. ఊడి రాదు. పిల్లల్ని వదిలి నేను రాను" అంది బుడ్డమ్మ లోపలినుంచి.

అప్పుడు ఏడ్చాడు రెక్కలయ్య. రెక్కలున్నాయి, ఏం లాభం? పెట్టెను మొయ్యలేవు, వానను ఆపలేవు. నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. అదొక్కటీ చేతకాలేదు వాడికి.

అంతలో గొడుగేసుకుని పంకజంగారు పరుగున వచ్చింది. "అయ్యో వదినగారూ, పారేస్తున్నారా? నిక్షేపంలాంటి పెట్టె! నాకివ్వండి, ఎప్పుడైనా పనికొస్తుంది."

భ్రమరాంబగారు "అందులో..." అని నోరు తెరిచింది. ఇందాకటి నవ్వు గుర్తొచ్చింది. నోరు మూసుకుంది. చెప్పాల్సిందే, ధర్మం అదే. కానీ నేనైనా చెప్పి ఉండేదాన్ని కాదు.

"తీసుకెళ్ళండి వదినగారూ. అంతా మన అలవాట్లను బట్టి ఉంటుంది" అంది.

పంకజంగారు పెట్టెను పసిబిడ్డలా గుండెకు హత్తుకుని, గొడుగు తనకు కాకుండా దానికి పట్టి, తన ఇంటికి నడిచింది. రబ్బరు పట్టీ ఉన్న తలుపు తన చేత్తోనే తీసింది. జాలీ ఉన్న తూము పక్కనుంచే పెట్టెను మోసుకెళ్ళి అటక మీద పొడిగా పెట్టింది. ఆమె చీర కుచ్చిళ్ళ వెనకాలే, గోడవారగా, చప్పుడు చెయ్యకుండా ఒక ఎర్రటి బొద్దింక లోపలికి వచ్చింది.

"ఎలా వచ్చావు?" అంది బుడ్డమ్మ.

"నడిచి" అన్నాడు రెక్కలయ్య. ఆ తర్వాత చాలాకాలం వాడు ఇంకో మాట మాట్లాడలేదు.

కొన్నాళ్ళకు అటక మీద డిప్ప పగిలింది. పంకజంగారి కేక కాలనీ చివరిదాకా వినపడింది. భ్రమరాంబగారు పొడిగా తుడిచిన సింకు ముందు నిలబడి, ఏమీ ఎరగనట్టు, "పాపం, ఏమైందో!" అంది. గోడమీద బల్లి ఆసారి ఏమీ అనలేదు.

కథ అయింది, మన వంటింటి పని కాలేదు. కుర్చీ మీంచి మీ నాన్నను దించండి, అంట్లు ఆయన కోసమే చూస్తున్నాయి.

నీతి: తలుపు అందరూ లక్ష్మి కోసమే తీస్తారు, లోపల ఎవరికి వడ్డించి, ఎవరికి పక్క వేసి ఉంచితే, వచ్చేది మాత్రం వాళ్ళే.