బేస్తవారం ఆయిల్

ఎర్రగుట్ట కింద హుస్సేనప్ప తాత ఆశ్రమంలో ఉంటున్న వాళ్ళందరికీ తాత చెవిలో మాట చెప్పేశాడు, ఒక్క మౌలాలికి తప్ప. అదీ మౌలాలి బాధ.

ఆ మాట చెప్పడానికి తాతకు ఒక పద్ధతి ఉంది. శిష్యుడు సిద్ధమయ్యాడని అనిపించిన రోజున అందరి ముందూ కూర్చోబెట్టుకుంటాడు. కొత్త తెల్లగుడ్డ ఒకటి తన చేత్తో తలకు చుడతాడు. చెవి దగ్గర నోరు పెట్టి మెల్లగా ఏదో చెబుతాడు. ఎవరికి ఏం చెప్పాడో వాళ్ళకే తెలుసు, అడిగినా బయటపెట్టరు. నిన్నగాక మొన్న వచ్చి చేరిన వంటాయన సుబ్బరాయుడికి కూడా ఆ భాగ్యం దక్కింది. ఆ రోజు మౌలాలి అన్నం తినలేదు. అప్పటికే తుడిచి ఉన్న కారును మళ్ళీ తుడుస్తూ కూర్చున్నాడు.

మౌలాలి పని ఆ కారే. ఎవరో భక్తుడు ఇచ్చిపోయిన పాత తెల్ల అంబాసిడర్. తాత దాన్ని ఎక్కేది తక్కువ, మౌలాలి తుడిచేది ఎక్కువ. తాత పుట్టుకతో దూదేకులాయన. వయసులో ఉన్నప్పుడు విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకినవాడు, నడక ఆయనకు కష్టం కాదు. కొందరు ఆయన్ని స్వామీ అంటారు, కొందరు బాబా అంటారు, ఎక్కువమంది తాతా అనే పిలుస్తారు. ఆయన దేనికైనా పలుకుతాడు.

ఆశ్రమంలో బేస్తవారం పెద్ద రోజు. నెలలో మొదటి బేస్తవారం అయితే అది మౌలాలిది. పొద్దున్నే తలస్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, కారుకు సాంబ్రాణి పొగ వేసి, అద్దానికి మల్లెపూలు చుట్టి, అప్పుడు కిందికి దూరి నట్టు విప్పేవాడు. పాత ఆయిల్ దింపి కొత్త ఆయిల్ పోసేవాడు. అది చూడడానికి జనం పోగయ్యేవాళ్ళు. చివర్లో ఆయిల్ చూసే కడ్డీ బయటికి లాగి, ఎండలో పైకెత్తి అందరికీ చూపించేవాడు. కడ్డీ కొసన ఆయిల్ తేనె రంగులో మెరిసేది. ఆ క్షణంలో మౌలాలి ముఖం చూడాలి, పెళ్ళికొడుకు కూడా అంత వెలగడు.

ఒక బేస్తవారం ఆ గుంపులో టౌను నుంచి వచ్చిన జీపు డ్రైవరు గంగిరెడ్డి ఉన్నాడు. కాసేపు చూసి, మేమైతే ఐదువేల కిలోమీటర్లకు ఒకసారి మారుస్తామని, ఈ బండి నెలంతా తిరిగినా టౌనుకు నాలుగుసార్లు పోయి రాదు కదా అని అడిగాడు. మౌలాలి జవాబు వెతుక్కునే లోపల ఇంకో మాట కూడా అనేశాడు.

"ఇది ఆయిల్ మార్చేదా అన్నా, బండికి తలంటు పోసేదా?"

జనం నవ్వారు. మౌలాలికి తల కొట్టేసినట్టయింది. చేతులైనా కడుక్కోకుండా, అంటే కడుక్కోవలసినంత మురికి వాటికి అంటలేదు గానీ, నేరుగా తాత దగ్గరికి పోయాడు. తాత అరుగు మీద కూర్చుని దూది విడదీస్తున్నాడు. మౌలాలి గంగిరెడ్డి మాటతో మొదలుపెట్టి, ఎక్కడెక్కడికో పోయి, అసలు బాధ దగ్గరికి వచ్చి ఆగాడు.

"ఇన్నేండ్లలో ఆ బండికి ఒక మచ్చ పడనీలేదు స్వామీ. లోపల ఆయిల్ గూడ నల్లబడనీలేదు. నాకేంటికి మాట చెప్పలేదు?"

అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. మచ్చ పడకుండా ఉండడానికి ఏం చేశాడో మాత్రం చెప్పలేదు. వానాకాలం మొదట్లో గుట్ట మీది పైకొట్టాల పల్లె నుంచి బాలన్న అనే మనిషి జ్వరంతో కాలిపోతున్న కూతుర్ని భుజాన వేసుకుని దిగివచ్చి, ఆసుపత్రి దాకా ఎక్కించుకోమని అడిగాడు. పిల్ల కాళ్ళ నిండా బురద. మౌలాలి ఇది తాత బండప్పా అని, సీట్లకు వేసిన తెల్లగుడ్డలు చూపించి, రోడ్డు మీద ఆటో దొరుకుతుందని దారి చెప్పి పంపాడు. పిల్లకు తర్వాత నయమైంది. ఆ సంగతి తాతకు తెలుసో లేదో మౌలాలికి తెలియదు.

తాత దూది పక్కన పెట్టాడు. ఇప్పుడు దింపిన ఆయిల్ కొంచెం, డబ్బాలో మిగిలిన కొత్త ఆయిల్ కొంచెం, రెండు టీ గ్లాసుల్లో తెమ్మన్నాడు. మౌలాలి తెచ్చి ఇచ్చాడు. అటు తిరగమన్నాడు. మళ్ళీ ఇటు తిరగమని, రెండు గ్లాసులూ అతని ముందుకు జరిపాడు.

"కొత్తది యాది?"

మౌలాలి వంగి చూశాడు. గ్లాసులు ఎత్తి ఎండకు పెట్టి చూశాడు. రెండూ తేనెలాగే ఉన్నాయి. చివరికి ఒకటి చూపించాడు గానీ, వేలు మధ్యలోనే తడబడింది.

"నాకు గూడ తెలీదు," అన్నాడు తాత.

తర్వాత చెప్పాల్సింది చెప్పాడు. రేపటి నుంచి ఎవరు చెయ్యెత్తితే వాళ్ళను ఎక్కించుకోవాలి. బేస్తవారం వచ్చిందని ఆయిల్ మార్చకూడదు. మార్చక తప్పని రోజు వచ్చినప్పుడు వచ్చి చెప్పాలి.

"ఆ రోజు వచ్చిందని ఎట్ల తెలుస్తాది స్వామీ?"

తాత అప్పటికే దూది చేతిలోకి తీసుకున్నాడు.

మరుసటి రోజు నుంచి మౌలాలికి కష్టాలు మొదలయ్యాయి. పైకొట్టాలకు కారు పోయే బండిదారి ఒకటి ఉంది. దారి అనడం మర్యాద కోసమే, అది రాళ్ళూ దుమ్మూ తప్ప మరోటి కాదు. ఆ దారి ఎక్కిదిగేసరికి ఇంజన్ రొప్పేది. సీట్ల మీది తెల్లగుడ్డలు వారంలోనే ఎర్రమట్టి రంగుకు వచ్చాయి. ఒక పసిబిడ్డ పాలు కక్కింది. ఒక పెద్దాయన వక్కాకు నమిలి, మర్యాదస్తుడు కనుక, కిటికీలోంచి ఉమ్మబోయి తలుపు మీద ఉమ్మాడు. ఒకావిడ మేకపిల్లను ఒళ్ళో పెట్టుకుని ఎక్కింది, దించమంటే ఇది గూడ ప్రాణమే కదప్పా అంది. మౌలాలి పళ్ళు కొరుక్కుంటూ తోలాడు. మొదటి బేస్తవారం వచ్చింది, పోయింది. చూడడానికి వచ్చిన వాళ్ళకు మల్లెపూలూ కనిపించలేదు, మౌలాలీ కనిపించలేదు. షెడ్డు వెనక ముఖం దాచుకుని కూర్చున్నాడు.

కొన్నాళ్ళకు ఒక పొద్దున కడ్డీ లాగి చూసి అదిరిపడ్డాడు. ఆయిల్ నల్లగా ఉంది. కడ్డీ పట్టుకుని తాత దగ్గరికి పరుగెత్తాడు.

"మసి మాదిరి అయిపాయె స్వామీ. ఇంగ మార్చాల."

తాత ఒక దూదిపింజ తుంచి కడ్డీ కొస తుడిచాడు. దూది నల్లబడింది. తుడిచిన చోట ఇనుము తళతళలాడింది. తాత నల్లబడిన దూదిని ఒకసారి, ఇనుమును ఒకసారి చూపించాడు. ఆ దూదిని పిండి, ఒక చుక్క మౌలాలి వేళ్ళ మధ్య పెట్టి రుద్దమన్నాడు. రుద్దాడు. నల్లగా ఉంటే ఉంది గానీ, కొత్త ఆయిల్ ఎంత మెత్తగా జారుతుందో అంత మెత్తగానే జారింది.

"పోయిరా," అన్నాడు తాత. "గేటు కాడ ఎవరో నిలబడుకోనుండారు."

ఆ రోజు నుంచి మౌలాలి పొద్దున్నే రంగు చూడడం మానేసి, వేళ్ళ మధ్య చుక్క వేసుకుని రుద్ది చూసేవాడు. తగ్గినంత పోసేవాడు, బండి తీసేవాడు. మెల్లగా ఇంకో మార్పు వచ్చింది, అది ఎప్పుడు వచ్చిందో అతనికే తెలియదు. షెడ్డులో గోడకు ముఖం పెట్టి నిలబెట్టే కారును రోడ్డుకు ముఖం పెట్టి నిలబెట్టసాగాడు. పైకొట్టాల వాళ్ళ పేర్లు వచ్చాయి, వాళ్ళ రోగాలు తెలిశాయి. ఒక వాన మధ్యాహ్నం బాలన్న భార్యకు నొప్పులు మొదలైతే, ఆ రాళ్ళదారిలో ఆమెకు కుదుపు తగలకుండా కారు దించాడు. ఆసుపత్రి మెట్ల మీద బాలన్న బిడ్డను తెచ్చి మౌలాలి చేతుల్లో పెట్టాడు. పాత సంగతి ఎత్తలేదు. ఎత్తకపోవడమే మౌలాలికి గుచ్చుకుంది. అదే పూట ఆశ్రమంలో కొత్తగా చేరిన ఇంకొకరికి తాత తలగుడ్డ చుట్టాడని తర్వాత తెలిసింది. అలాగా అన్నాడు, అంతే. ఆ రోజు అన్నం కూడా కడుపునిండా తిన్నాడు.

ఎండలు ముదిరాక ఒక పొద్దున చుక్క వేళ్ళ మధ్య సరిగ్గా జారలేదు. పలచబడింది, సన్నటి ఇసుకలాంటిది ఏదో గీరుకుంది. స్టార్ట్ చేసి చెవి పెట్టి విన్నాడు. ఇంజన్ మాట గరుకుగా ఉంది. గేటు దగ్గర పెళ్ళికి పోవాలని నలుగురు ఎక్కడానికి సిద్ధంగా ఉన్నారు. ఈ పూట కుదరదని వాళ్ళకు చెప్పి, ఇంజన్ ఆపేసి తాత దగ్గరికి పోయాడు. అరుగు ముందు జనం కిటకిటలాడుతున్నారు.

"ఇయ్యాల మార్చాల స్వామీ. ఇంగ మొయ్యలేదు."

"బేస్తవారమనా?" అని అడిగాడు తాత.

మౌలాలి చుట్టూ చూశాడు. "ఇయ్యాల బేస్తవారమా?"

జనం గొల్లున నవ్వారు. ఈసారి మౌలాలి కూడా నవ్వాడు. గుంపులో ఉన్న గంగిరెడ్డి మాత్రం నవ్వలేదు. ఆ పెద్ద డ్రైవరుకు వేరే అనుమానం వచ్చింది.

"ఐదువేలు ఇంగా కాలేదేమో కదన్నా?"

"నీ రోడ్డు వేరే గంగిరెడ్డీ," అన్నాడు మౌలాలి. "ఈ గుట్ట ఎక్కిచూడు, నీకే తెలుస్తాది."

తాత లేచి అతని వెంట షెడ్డుకు నడిచాడు. జనం కూడా కదిలారు. సాంబ్రాణి లేదు, పూలు లేవు. మౌలాలి కారు కిందికి దూరి నట్టు విప్పాడు. ఆయిల్ నల్లగా, చిక్కటి మడ్డితో కలిసి బొక్కెనలోకి దిగింది. అదంతా దిగేదాకా తాత కింద కూర్చుని చూశాడు, గొప్ప వస్తువును చూసినట్టు చూశాడు. మౌలాలి నట్టు బిగించి, కొత్త ఆయిల్ పోసి, కడ్డీ తీసి మట్టం చూసి లోపల పెట్టేశాడు. దాన్ని పైకెత్తి చూపించాలని అతనికి తోచలేదు. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. తుడుచుకోవడానికి గుడ్డ కోసం వెతికాడు.

వెనక నుంచి తాత ఒక గుడ్డ అందించాడు. మౌలాలి చూడకుండా అందుకుని రెండు చేతులూ శుభ్రంగా తుడుచుకున్నాడు. తుడుచుకున్నాక చూశాడు. కొత్తది, తెల్లది, మడతలైనా పోలేదు. నిండా నల్లటి వేళ్ళ గుర్తులు. ఏ గుడ్డో అప్పుడు అర్థమైంది. తాత దాని కొస పట్టుకుంటే, ఉతికి తెస్తాను స్వామీ అని వెనక్కు లాక్కోబోయాడు.

తాత వదల్లేదు. అక్కడే బొక్కెన పక్కన కూర్చోబెట్టి, మసి మరకలు నుదుటి మీదికి వచ్చేలా ఆ గుడ్డను అతని తలకు చుట్టాడు. తాపీగా చుట్టాడు. మౌలాలి కళ్ళు మూసుకున్నాడు. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మాట కోసం ఒళ్ళంతా చెవి చేసుకున్నాడు.

తాత వంగి చెవిలో చెప్పాడు.

"బండి తీ. పైకొట్టాల బాలన్న కాసుకోనుంటాడు."

మౌలాలి కళ్ళు తెరిచాడు. తాత పాదాలకు మొక్కి లేచాడు. తాత ఏం చెప్పాడని వంటాయన సుబ్బరాయుడు ఆత్రంగా అడిగాడు. మౌలాలి చెప్పలేదు. కారెక్కి స్టార్ట్ చేశాడు, ఇంజన్ మెత్తగా పలికింది.

తాత గేటు దాకా వచ్చి నిలబడ్డాడు. ఎవరినీ సాగనంపడానికి ఆయన గేటు దాకా రావడం అంతకుముందు ఎవరూ చూడలేదు. దుమ్ము రేపుకుంటూ కారు గుట్ట వైపు తిరిగింది. అప్పుడే బస్సు దిగి లోపలికి వస్తున్న ఒక కొత్త మనిషి దాన్ని వింతగా చూసి తాతనే అడిగాడు.

"ఎవరు పెద్దాయనా అది, తలగుడ్డ నిండా మసి పూసుకోని?"

"మావాడే," అన్నాడు తాత.