చుక్కమ్మ టీచరు అడిగిన ఒకే ఒక్క ప్రశ్న

కాలవ అవతల తుమ్మతోపులో జంతువుల బడి ఒకటుండేది. ఆ బళ్లో టీచరు చుక్కమ్మ అనే గొర్రె. పిల్లలకి పాఠం చెప్పడంలో ఆమెకి తిరుగు లేదు. పెద్దోళ్ల ముందు నిలబడితే మాత్రం ప్రతి మాట చివరా "మే... మే..." అని నత్తి వచ్చేసేది.

పేరెంట్స్ మీటింగు దగ్గరపడింది. చుక్కమ్మ ఒక్కో పిల్లకీ ఒక్కో చీటీ రాసుకుంది. ముందొక మంచిమాట, మధ్యలో చిన్న చురక, చివర మళ్లీ మంచిమాట. దున్నపోతు కొడుకు లెక్కలు బాగా చేస్తాడు, బురదకాళ్లతో వస్తాడు, అయినా బంగారం. అందరివీ అయ్యాయి గానీ, నక్క జంబన్న కొడుకు తోకరాజు చీటీ దగ్గర పెన్సిలు ముందుకి కదల్లేదు.

తోకరాజుకి 'అ' రాయడమే రాదు. ఇంటికాడ రాసుకొచ్చే కాపీ పుస్తకంలో మాత్రం అక్షరాలు ముత్యాలే. రాసేదెవరో తోపంతటికీ తెలుసు. అడిగే దమ్మే ఎవరికీ లేదు. కిందటేడు అడిగిన బాతు టీచరుని జంబన్న నాలుగు మాటల్తో బడి దాటించేశాడు. ఇప్పుడు చుక్కమ్మకీ కబురెట్టాడు: మావాడికి ఫస్టు ఇస్తే సరి, లేదంటే నత్తిదానికి పాఠాలేంటని మీటింగులోనే తీయించేస్తానని. చుక్కమ్మకి ఈ బడి తప్ప ఇంకో లోకం తెలీదు.

కాలవ నీళ్లలో మొహం చూసుకుంటూ, జంబన్నని ఎలా అడగాలో ప్రాక్టీసు చేసింది. ఎన్నిసార్లన్నా చివర ఆ "మే... మే..." పోదే. విసుగొచ్చి లేవబోయి, తన మాట తనకే వినపడి ఆగిపోయింది. జంబన్నకో పాడలవాటు. ఎక్కడ కనపడ్డా ఆమె నత్తిని ఎక్కిరిస్తే గానీ వాడికి తిన్నది అరగదు. చుక్కమ్మ తనలో తను నవ్వుకుని, తోకరాజు చీటీ మీద ఒకే ఒక్క ప్రశ్న రాసుకుంది.

మీటింగు రోజు బడి పెద్దసారు, ఎలుగుబంటి భల్లయ్య, రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాడు. తల్లిదండ్రులు చెప్పింది పొల్లు పోకుండా రాయడం ఆయన పని. ఆయనకి వేళాకోళాలు తెలీవు. చెవిన పడింది కాగితం మీదకి పోవాల్సిందే.

దున్నపోతు, పంది, ఉడుత అయ్యాక జంబన్న మీసం దువ్వుకుంటా వచ్చాడు. చుక్కమ్మ కాపీ పుస్తకం తెరిచి, రాత గుండ్రంగా ఉందనీ, కొట్టివేత లేదనీ తెగ మెచ్చుకుంది. ఆమె నత్తికొట్టినప్పుడల్లా జంబన్న ఎక్కిరించాడు. జనం మూతులు మూసుకుని నవ్వారు. అప్పుడు చుక్కమ్మ చీటీ తీసింది.

"ఇంత చక్కగా ఇంటికాడ రాసిందెవరండీ... మే... మే..."

జంబన్న జనం వైపు కన్నుకొట్టి, మెడ సాగదీసి, "మే... మే..." అన్నాడు.

భల్లయ్య పెన్ను కదిలింది. "రాసింది... మేమే," అని పైకి చదువుకుంటా రాశాడు. "పోన్లే, నిజం ఒప్పుకున్నారు."

జంబన్న నవ్వు సగంలో ఆగింది. "అది కాదు సారూ, నేను టీచరమ్మని ఎక్కిరించా."

"మీటింగులో టీచరుని ఎక్కిరించారా? అయితే అదీ రాస్తా."

నక్కకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. పాపం, నాన్నకి సాయం చేద్దామని తోకరాజు లేచాడు. "రాసింది నాన్నే సార్. అప్పుడు నేను పీతలకి కాలవకాడికి పోయాగా."

రాసినోడికే ఫస్టు అన్నాడు భల్లయ్య. ఫస్టు వచ్చినోళ్లకిచ్చే తాడు కట్టిన బహుమతి పలక తీసుకెళ్లి జంబన్న మెళ్లో వేశాడు. తోకరాజు రేపట్నుంచి 'అ' కాడ్నుంచి చుక్కమ్మ దగ్గరే దిద్దాలన్నాడు. ఇంక ఆ టీచరుని తీసేసే మాట ఎవరెత్తుతారు?

మెళ్లో పలక, కాళ్ల మధ్య తోకతో జంబన్న జారుకుంటుంటే, చుక్కమ్మ వెనకనించి మర్యాదగా అంది:

"వచ్చే మీటింగుకీ తప్పకుండా రండి జంబన్నగారూ... మే... మే..."

జంబన్న అలవాటు కొద్దీ నోరు తెరిచి, గబుక్కున మూసుకున్నాడు.

ఎదుటోళ్ల నత్తిని ఎక్కిరించే నోరు, ఏదో ఒకరోజు తన గుట్టు తనే చెప్పుకుంటది.