హైమావతి కొత్తిమీర తొట్టి

అనగనగా ఒక ఊళ్ళో, రెండో అంతస్తు వాటాలో, హైమావతి అనే ఇల్లాలు ఉండేది. మోకాళ్ళ నొప్పులు, నడుం నొప్పి, పైగా నోరులేని మనిషి. నవ్వకే బంగారూ, నాలాంటిది కాదులే.

ముందు వాళ్ళమ్మాయి పావని ఒక కుందేలు పిల్లని తెచ్చింది. "నేనే చూసుకుంటానమ్మా" అంది. పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత కొడుకు వంశీ తెల్ల ఎలుకల్ని తెచ్చాడు. "నేనే చూసుకుంటానమ్మా" అన్నాడు. పరీక్షలొచ్చాయి, మర్చిపోయాడు. ఆ తర్వాత మొగుడు పట్టాభి వానలో తడుస్తున్న పిల్లికూనని చొక్కాలో దాచుకుని తెచ్చాడు. ఆయనా అదే మాట. ఇక చూసుకున్నదెవరో నేను చెప్పాలా?

హైమావతికి బాల్కనీలో మొక్కల తొట్లుండేవి. మూలన ఎరువు గోలెం ఉండేది. కుందేలు పెంటికలు, ఎలుకల పెంటికలు ఎండాకులతో కలిపి అందులో పోసేది. అది బాగా మాగి మట్టయ్యేది. ఆ మట్టికి కొత్తిమీర గుబురుగా వచ్చేది.

పిల్లి దొడ్డికెళ్ళే ఇసుక తట్ట మాత్రం కింద చెత్తబండిలో పారబోసేది. రెండంతస్తులు దిగాలి, మళ్ళీ ఎక్కాలి. ఒకరోజు మోకాళ్ళు మొరాయించాయి. అప్పుడు "ఏదైనా పెంటేగా" అనుకుని అదీ గోలెంలోనే దిమ్మరించింది. ఆ తర్వాత అదే అలవాటైపోయింది. తప్పే తల్లీ. కానీ అంత అలిసిన మనిషిని తిట్టడానికి నాకు నోరు రాదు.

అంతలో పావని నీళ్ళోసుకుంది. వేవిళ్ళతో పుట్టింటికొచ్చింది. అన్నం చూస్తేనే వాంతి. "అమ్మా, నీ తొట్లో కొత్తిమీర పచ్చిది నూరి పెట్టవే, అదొక్కటే తినబుద్ధేస్తోంది" అంది.

"వచ్చి పెడతానే" అని హైమావతి పిల్లిని బుట్టలో పెట్టుకుని, సూది వేయించడానికి పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళింది. అదీ ఆవిడ పనే, చూశావా!

"ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్ళున్నారామ్మా?" అని అడిగాడు డాక్టరు. ఉందంది. "మరి దీని ఇసుక ఎక్కడ పారేస్తారు?" అన్నాడు. ఎరువు గోలెంలో అని చెప్పింది.

అప్పుడాయన సూది పక్కన పెట్టేశాడు. "గడ్డీ గింజలూ తినే కుందేలుదీ ఎలుకదీ, వాటికి జబ్బు లేకపోతే, బాగా మాగాక ఎరువుకి పనికొస్తాయమ్మా. పిల్లి మాంసం తింటుంది. దాని పెంటలో కంటికి కనపడని క్రిములుంటాయి. ఇంటి గోలెం వేడికి అవి చావవు. తినే మొక్కలకి అసలు వెయ్యకూడదు. కడుపులో బిడ్డకి ప్రమాదం."

హైమావతి పిల్లి బుట్ట ఎత్తుకుని బయటికి పరిగెత్తింది. ఆటో ఎక్కింది. మెట్లు ఎలా ఎక్కిందో ఆవిడకే తెలీదు.

పావని ఆకలికి ఆగలేక తనే కొత్తిమీర కోసి, నూరి, అన్నంలో కలుపుకుంది. ముద్ద నోటి దాకా వెళ్ళింది. హైమావతి కంచం లాగేసింది.

"ఒక్క ముద్ద కూడా తిననివ్వవా అమ్మా!" అని పావని బావురుమంది. తండ్రీ కొడుకూ పరిగెత్తుకొచ్చారు.

హైమావతి నేలమీద కూలబడింది. జరిగిందంతా చెప్పింది. "అలిసిపోయానే. చెత్తబండి దాకా దిగే ఓపిక లేక అందులో పోశాను. మీరు తెచ్చారు, నేను ఎత్తాను. ఇంక నా వల్ల కాదు" అని ఏడ్చేసింది. ఆ మాట ఆవిడ నోట ఆ ఇంట్లో అంతకుముందెప్పుడూ ఎవరూ వినలేదు మరి.

అప్పుడు పావని సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కుంది, ఆసుపత్రికి వెళ్ళి పరీక్ష చేయించుకుంది. జబ్బేమీ అంటలేదన్నారు. వంశీ చేతులకి తొడుగులేసుకుని గోలెం, తొట్లు మొత్తం ఖాళీ చేసి చెత్తబండికెత్తాడు. పట్టాభి పిల్లి తట్ట పట్టుకుని మెట్లు దిగాడు. మర్నాడూ ఆయనే దిగాడు. ఆ మర్నాడూ ఆయనే.

"మరి హైమావతి ఏం చేసింది?" అంటావా?

పడుకుందే తల్లీ. పొద్దెక్కినా ఎవరూ లేపలేదు.

కథేమో కంచికి,
మనమేమో ఇంటికి,
అలిసిన అమ్మమ్మేమో
అందరికంటే ముందు మంచానికి.