మొగలిదిబ్బ గంజిచెంబు మందిరం

సరుగుడు తోటల నడుమ ఇసుక దిబ్బ మీద ఉన్న ఈ మందిరానికి బోర్డు మీద రాసిన పేరు ఒకటి, జనం పిలిచే పేరు ఒకటి. బోర్డు చదివే ఓపిక ఎవరికీ లేదు గనుక గంజిచెంబు మందిరమనే అందరూ అంటారు. లోపల ప్రసంగ పీఠానికి కుడి పక్కన ముక్కాలిపీట, దాని మీద మూత పెట్టిన ఇత్తడి చెంబు కనబడతాయి. చెంబులో ఉండేది గోరువెచ్చని బియ్యపు గంజి, చిటికెడు ఉప్పు.

పూర్వం, అంటే మరీ తాతల కాలం కాదు, ముప్పై అయిదేళ్ళ కిందట ఇక్కడ నతానియేలు అనే పాస్టరుగారు ఉండేవారు. ఆయనకు మనసు జబ్బు. కొన్నాళ్ళు అది పట్టపగ్గాలు లేకుండా పరుగెత్తించేది, కొన్నాళ్ళు మంచం దిగనిచ్చేది కాదు. పట్నం డాక్టరు ఇచ్చిన మాత్ర రోజూ ఉదయం తిన్నాక వేసుకుంటే మామూలుగా ఉండేవారు. ఈ సంగతి ఆయన భార్యకొక్కదానికే తెలుసు. ఆమె చనిపోయిన ఏడాదే, ఈస్టరుకు ముందు పాటించే శ్రమకాలం వచ్చింది. నలభై రోజులూ సాయంత్రం దాకా ఉపవాసం. కాపరే తింటే మంద ఏమనుకుంటుందని ఆయన తిండి మానారు. తిండితో పాటు మాత్రా మానారు.

రెండు వారాల్లో ప్రసంగం గంట నుంచి నాలుగు గంటలకు పెరిగింది. కన్ను మూతపడదు, గొంతు తగ్గదు. చుట్టుపక్కల పల్లెల నుంచి ట్రాక్టర్లలో జనం వచ్చిపడ్డారు. "అయ్యగారి మీదికి ఆత్మ దిగిందర్రా!" అని సంఘ పెద్ద బర్నబాసు తువ్వాలు ఊపాడు. ఈస్టరుకు వారం ముందు మట్టల ఆదివారం వచ్చేసరికి ఆ వరద తీసింది. అయ్యగారు గోడ వైపు తిరిగి పడుకున్నారు. చచ్చిపోతే బాగుండుననే మాట తప్ప ఆయన నోట మరో మాట లేదు. "దయ్యం పట్టింది. వెళ్ళగొట్టాలి. కుదరకపోతే ఈయన్నే పంపెయ్యాలి" అన్నాడు అదే బర్నబాసు. ఎక్కువ మాట్లాడితే ఆత్మ, మాట్లాడకపోతే దయ్యం! మధ్యలో మనిషొకడున్నాడని ఆ పెద్దల్లో ఒక్కరికీ తోచలేదు.

తోచింది మందిరం ఊడ్చే సువార్తమ్మకు. దూత కలలో కనబడి చెప్పిందని ఇప్పుడు కొందరు కథ అల్లుతున్నారు. కలా లేదు, గిలా లేదు. ఈస్టరుకు దుమ్ము దులుపుతూ పీఠం గుడ్డ ఎత్తితే కింద విప్పని మాత్రల అట్టలు కనబడ్డాయి. తనూ తిన్నాక మాత్ర వేసుకునే షుగరు మనిషే గనుక, అయ్యగారు తిండితో పాటు మాత్రా మానారని చూడగానే అర్థమైంది. ఇంటికి పోయి చెంబుతో గంజి తెచ్చి, అయ్యగారి గడపలో కూర్చున్న బర్నబాసును "కాస్త జరుగు బావా, దయ్యానికి ఆకలేస్తోంది" అని దాటుకుని లోపలికి వెళ్ళింది.

"అయ్యగారూ, నేను షుగరు మాత్ర వేసుకుంటే దేవుడు అలుగుతాడా?"

గోడ వైపు నుంచి తిరక్కుండానే ఆయన "అలగడమ్మా" అన్నారు.

"మరి మీరు వేసుకుంటే అలగడానికి ఆయనేమన్నా కొత్తల్లుడా? లేవండి. ముందు గంజి."

గంజి తాగించి, అట్టలు కొంగున కట్టుకుని, ఆయన్ని బస్సెక్కించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఒక్క రోజులో నయమైందని రాస్తే యాత్రికుల కోసం వేసిన ఈ పుస్తకం అబద్ధాల పుట్ట అవుతుంది. రెండు నెలలు పీఠం ఖాళీగా ఉంది. ఆయన్ని పంపెయ్యమని పెద్దలు కాగితం మీద సంతకాలు చేసిన ఆదివారమే ఆయన వచ్చి నిలబడ్డారు. ప్రసంగం చెయ్యలేదు. అందరూ చూస్తుండగా సువార్తమ్మ తెచ్చిన చెంబెత్తి గంజి తాగి, మాత్ర వేసుకున్నారు. 

"నాకు మనసు జబ్బుంది. దాచినందుకు మన్నించండి. జబ్బు పడ్డందుకు మాత్రం మన్నింపు అడగను."

 చివరి వరుసలో ఒక ముసలాయన లేచి, "ఆ చెంబు ఇటు పంపండి అయ్యగారూ. ఇరవై ఏళ్ళుగా మూర్ఛ మాత్ర పెరట్లో దాక్కుని మింగుతున్నాను" అన్నాడు. బర్నబాసు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. దాన్ని మళ్ళీ ఎవరూ చూడలేదు. నతానియేలుగారు మరో పంతొమ్మిదేళ్ళు ఇక్కడే సేవ చేశారు. మధ్యలో రెండుసార్లు మంచం పట్టారు. రెండుసార్లూ ఊరు గంజి కాచింది.

ఇప్పటికీ ప్రతి ఆదివారం ప్రసంగానికి ముందు మందిరం ఊడ్చే మనిషి లేచి, "అయ్యగారూ, తిన్నారా? వేసుకున్నారా?" అని అడుగుతుంది. ఇప్పటి పాస్టరుగారికి ఏ జబ్బూ లేదు. అయినా జవాబు చెప్పి, గంజి తాగాకే నోరు విప్పాలి. ఆ తర్వాత గంజి గ్లాసుల్లో వరుసల్లోకి వస్తుంది. శ్రమకాలంలోనూ దీనికి ఉపవాసం అడ్డు రాదు. ఇక్కడికొస్తే జబ్బు పోతుందని మేము చెప్పం. దాక్కుని మింగనక్కర్లేదు, అదే ఇక్కడి దీవెన.

యాత్రికులకు మనవి: చెప్పులు బయట విడవండి. మాత్రలు లోపలికి తెచ్చుకోండి.